ఇంటి పార్టీల్లో వన్‌గ్రామ్ నగలు: విజయవాడ, 2024 ప్రాజెక్టు డైరీ

ఒకరి ఇంట్లో పది పదిహేను మంది ఆడవాళ్ళని కూర్చోబెట్టి, వన్‌గ్రామ్ నగలు (రాగి, ఇత్తడి మీద పలుచగా బంగారు పూత వేసినవి) చూపించి, అక్కడే అమ్మే పని ఇది. కొట్టు లేదు, అద్దె లేదు. మొదలుపెట్టే ముందు ఎవరినడిగినా "బాగా మిగులుతుందట" అన్నవాళ్ళే తప్ప ఎంత పెడితే ఎంత మిగిలిందో కాగితం మీద చూపించినవాళ్ళు కనబడలేదు. అందుకని ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా నా లెక్కలన్నీ ఇక్కడ పెడుతున్నాను. ఇలాంటి పనే మొదలుపెట్టేవాళ్ళు నచ్చినవి తీసుకోండి, చెడినచోట జాగ్రత్తపడండి.

దశ 1: సరుకు (ఏప్రిల్)

చేతిలో పెట్టుబడి రూ. 60,000. సరుకు బందరు (మచిలీపట్నం) చిలకలపూడి నుంచి. విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్లున్నా, బందరు బస్సెక్కి వెళ్తే తయారు చేసేవాళ్ళతోనే మాట్లాడొచ్చు. అక్కడ ఒకే నగ చాలా చేతులు మారుతుంది. అచ్చు కొట్టేవాళ్ళు వేరు, అతికేవాళ్ళు వేరు, రాళ్ళు పొదిగేవాళ్ళు వేరు, మెరుగు పెట్టేవాళ్ళు వేరు. ఎక్కడ నాణ్యత తగ్గిందో అడిగితే చెప్పగలిగేది వాళ్ళే.

కొన్నది:

- పెళ్ళి సెట్లు (హారం, నెక్లెస్, బుట్టలు, వడ్డాణం) 4 × 3,200 = 12,800
- నెక్లెస్‌లు 14 × 400 = 5,600
- నల్లపూసలు 20 × 240 = 4,800
- కమ్మలు, బుట్టలు 80 జతలు × 90 = 7,200
- గాజులు 30 సెట్లు × 260 = 7,800
- చైన్లు 25 × 180 = 4,500

సరుకు మొత్తం రూ. 42,700. ట్రేలు, అద్దం, జిప్ కవర్లు, బిల్లు పుస్తకం, చేతి త్రాసు, మోసుకెళ్ళే పెట్టెకి రూ. 5,300.

నడుస్తున్న లెక్క: చేతిలో 12,000. సరుకు (కొన్న ధరకి) 42,700.

ఈ జాబితాలో మొదట దెబ్బతీసింది పెళ్ళి సెట్లు. 2024లో ఏప్రిల్ ఆఖర్లో మూఢం మొదలైంది. మే, జూన్ నెలల్లో పెళ్ళి ముహూర్తాలే లేవు, ఆ వెనకే ఆషాఢం. అంటే రూ. 12,800 శ్రావణం దాకా పెట్టెలో పడి ఉండాల్సిందే. ఈ వ్యాపారంలో కొనుగోలు జాబితా రాసేటప్పుడు పక్కన పంచాంగం ఉండాలి. ఇది నేను చాలా గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఆ డబ్బు గాజుల్లో పెట్టి ఉంటే రెండుసార్లు తిరిగేది.

కొనేటప్పుడు అడగాల్సినవి, ఇప్పుడు నేను అడుగుతున్న వరసలో:

1. అడుగు లోహం రాగా, ఇత్తడా?
2. రాళ్ళు చుట్టూ లోహపు కాడలతో బిగించారా, జిగురుతో అతికించారా?
3. మళ్ళీ మెరుగు పెట్టడానికి ఎంత తీసుకుంటారు, ఎన్ని రోజులు పడుతుంది?
4. అమ్ముడుపోని డిజైను నెలలోపు తెస్తే మార్చి ఇస్తారా?

నాలుగోదానికి ఒప్పుకున్నచోట ధర ఐదు పది రూపాయలు ఎక్కువైనా అక్కడే కొనడం లాభం.

పన్ను సంగతి ఒక్క ముక్కలో. ఇమిటేషన్ నగల మీద జీఎస్టీ 3 శాతం, కొనేటప్పుడు బిల్లులో వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్ళకి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మనది ఆ దరిదాపుల్లో ఉండదు. అయినా కొన్న ప్రతి బిల్లూ దాచుకోండి.

దశ 2: మొదటి పార్టీ (మే)

పటమటలో ఒక అపార్ట్‌మెంటు, తెలిసిన వదినగారి ఇల్లు. ఒప్పందం ఏంటంటే, ఇల్లు ఇచ్చినావిడకి ఆ రోజు అమ్మకంలో 15 శాతం విలువకి ఆవిడకి నచ్చిన నగలు. కాఫీ, టిఫిను ఖర్చు నాది. పద్నాలుగు మంది వచ్చారు.

అమ్మకం రూ. 6,850. అందులో చేతికొచ్చింది 4,200, "తర్వాత ఇస్తాను" 2,650. అమ్మిన సరుకు అసలు ధర 3,560. వదినగారికిచ్చిన నగల అసలు ధర 540. టిఫిను, ఆటో 780. కాగితం మీద లాభం 1,970, కానీ రావాల్సిన బాకీ దానికంటే ఎక్కువ.

ఏం పనిచెయ్యలేదంటే:

వెలుతురు. హాల్లో ఉన్నది తెల్ల ట్యూబులైటు. దాని కింద మ్యాట్ ఫినిష్ నక్షీ నెక్లెస్‌లు పాలిపోయినట్టున్నాయి, కెంపురాళ్ళు నల్లగా కనబడ్డాయి. బందరులో కొన్నప్పుడు పగటి వెలుగులో చూసిన నగలేనా ఇవి అనిపించింది.

అద్దం. ఒక్కటే ఉంది, అదీ గోడకి. ఒకావిడ బుట్టలు పెట్టుకుని చూసుకుంటుంటే వెనక నలుగురు నిలబడ్డారు. ఇద్దరు విసుగొచ్చి కూర్చుండిపోయారు, వాళ్ళు ఏమీ కొనలేదు.

ధరలు. చీటీలు కట్టలేదు, అడిగినవాళ్ళకి చెప్దామనుకున్నాను. నలుగురి మధ్యలో ధర అడగడం చాలామందికి ఇబ్బంది. అడిగాక కొనకపోవడం ఇంకా ఇబ్బంది. అందుకని అసలు అడగరు.

వారం. ఆ రోజు శుక్రవారం. బంగారం వస్తువు కొనడానికి మంచిరోజని వదినగారే పెట్టారు. కొనడానికి మంచిదే, కానీ శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టాక ఇంట్లోంచి డబ్బు తియ్యని ఇళ్ళు చాలా ఉన్నాయి. "రేపు పంపిస్తానమ్మాయ్" అన్న బాకీల్లో సగం అలా మిగిలినవే. ఆ తర్వాత నుంచి అన్నీ శని, ఆదివారాలే. మంగళవారం కూడా పెట్టను.

నడుస్తున్న లెక్క: అమ్మకం 6,850. బాకీ 2,650. చేతిలో 15,420. సరుకు 38,600.

దశ 3: బల్లలు, బల్బులు, చీటీలు (జూన్)

వెలుతురు ముందు సరిచేశాను. ఫోన్లో వెలుతురు కొలిచే యాప్‌తో చూస్తే ట్యూబులైటు కింద ట్రే దగ్గర 140 లక్స్ వచ్చింది. క్లాంపు పెట్టుకునే టేబుల్ ల్యాంపులు రెండు, ఒక్కోదానికి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు, 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు). డబ్బా మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 అని ఉన్నదే తీసుకోండి, 80 ఉన్న బల్బు కింద కెంపుల ఎరుపు సరిగా పలకదు. ట్రేకి రెండడుగుల ఎత్తులో పెడితే 600 లక్స్ దాటింది.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. పసుప్పచ్చటి వెలుగులో నగ ఎంత బాగుంటుందంటే, ఇంటికెళ్ళి ట్యూబులైటు కింద చూసుకుంటే నిరాశ. జూన్ పార్టీలో కొన్న నెక్లెస్ ఒకటి రంగు మారిపోయిందని మర్నాడే వెనక్కొచ్చింది. రంగు మారలేదు, దీపం మారింది. అప్పట్నుంచి ట్రేల మీద పసుప్పచ్చ లైటు, అద్దం దగ్గర 6500 కెల్విన్ తెల్ల లైటు. పెట్టుకుని చూసుకునేది తెల్ల లైటు కింద, కొనాలో వద్దో అనుకునేది అక్కడ. అమ్మకం కాస్త తగ్గినా ఫరవాలేదు, రంగు గురించి ఆ తర్వాత ఒక్క వస్తువూ వెనక్కి రాలేదు.

అద్దాలు మూడు చేశాను, రెండు బల్ల మీద నిలబడేవి, ఒకటి చేత్తో పట్టుకునేది. ప్రతి వస్తువుకీ దారంతో చీటీ. చీటీ మీద రాసేవి:

1. ధర
2. అడుగు లోహం ("ఇత్తడి మీద బంగారు పూత")
3. గాజులైతే సైజు, గొలుసైతే పొడవు అంగుళాల్లో
4. నా కోడు

రెండోది రాస్తే అమ్మకం పడిపోతుందని ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను రాయకుండా అమ్మను. కొన్నావిడకి తెలుసు, కానీ ఆ నగ ఆవిడ అత్తగారికో కోడలికో వెళ్ళినప్పుడు వాళ్ళకీ తెలియాలి. అసలు బంగారానికి హాల్‌మార్కు, ఆరక్షరాల గుర్తింపు కోడు (హెచ్‌యూఐడీ) ఉంటాయి. దీనికి ఉండవు. అడిగినవాళ్ళకి భూతద్దంలో రెండూ పక్కపక్కన చూపిస్తాను.

లైట్లు, అద్దాలు, చీటీలకి రూ. 2,260.

గాజుల సైజులు. 2.4, 2.6, 2.8 తలో పది సెట్లు కొన్నాను. నెలన్నరకి 2.6 అయిపోయాయి, 2.8 రెండు మిగిలాయి, 2.4 మాత్రం ఏడు అలాగే ఉన్నాయి. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ముప్పై ఐదు దాటినవాళ్ళు. చేతులు చూడకుండా సమానంగా కొంటే ఇంతే. ఇప్పుడు పది సెట్లకి 2.4 రెండు, 2.6 నాలుగు, 2.8 మూడు, 2.10 ఒకటి చొప్పున కొంటున్నాను. సైజు తెలియని వాళ్ళకి పాత గాజు తెమ్మని చెప్పి లోపలి వ్యాసం కొలుస్తాను. చుక్క తర్వాత అంకె అంగుళంలో పదహారో వంతులు, కాబట్టి 2.4 అంటే 57.2 మిల్లీమీటర్లు, 2.6 అంటే 60.3, 2.8 అంటే 63.5, 2.10 అంటే 66.7.

ఫోన్లో ఎక్సెల్ వాడేవాళ్ళకి ఒక మాట. 2.10 అని టైప్ చేస్తే అది 2.1 అయిపోతుంది, వరసలో పెడితే 2.4 కంటే ముందు వస్తుంది. ఆ గడిని టెక్స్ట్‌గా మార్చాక టైప్ చెయ్యండి. నా జూన్ స్టాకు లెక్క తేడా రావడానికి కారణం ఇదేనని తేలడానికి ఒక రాత్రంతా పట్టింది.

జూన్‌లో రెండు పార్టీలు కలిపి అమ్మకం 11,400, చేతికి 7,300. పాత బాకీల్లో 1,500 వచ్చాయి.

నడుస్తున్న లెక్క (ఇక్కడినుంచి పార్టీల టిఫిను, ఆటో ఖర్చులు పోగా): అమ్మకం 18,250. బాకీ 5,250. చేతిలో 20,510. సరుకు 31,820.

దశ 4: చెవి దురద (జూలై మొదట్లో)

జూన్ పార్టీకి వచ్చిన ఒక పిన్నిగారు ఫోన్ చేశారు. వాళ్ళమ్మాయి రెండు రోజులు బుట్టలు పెట్టుకుంటే చెవి తమ్మె ఎర్రబడి నీరు కారుతోందట. డబ్బు తిరిగి పంపించి, అమ్మాయిని డాక్టరుకి చూపించమని చెప్పి, అప్పటిదాకా కమ్మలు కొన్నవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. మరో ఐదుగురు దురద ఉందన్నారు, కానీ ఎవరూ తమంతట తాము చెప్పలేదు. తెలిసినవాళ్ళ ఇంట్లో కొన్న వస్తువు గురించి ఫిర్యాదు చెయ్యడానికి మన దగ్గర వెనకాడతారు. అడిగితేనే చెప్తారు. కొన్న పది రోజులకి ప్రతి ఒక్కరికీ ఫోన్ చెయ్యడం అప్పుడు మొదలైంది, ఇప్పటికీ ఆపలేదు.

కారణం నికెల్. రాగి, ఇత్తడి మీద నేరుగా బంగారం పూస్తే కొన్నాళ్ళకి అడుగు లోహం పైకి వచ్చి రంగు చెడుతుంది, అందుకని మధ్యలో నికెల్ పొర వేసే పద్ధతి ఉంది. పైన బంగారం చాలా పలుచన. చెవి రంధ్రంలోంచి వెళ్ళే కాడ రోజూ రాసుకుంటుంది, పూత అరిగి చెమటకి నికెల్ తగులుతుంది. నికెల్ పడని చర్మానికి ఇది చాలు.

పరీక్ష ఇంట్లోనే చెయ్యొచ్చు:

1. డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణం తెప్పించుకోవాలి (లేబొరేటరీ సామాన్ల కొట్లో దొరుకుతుంది), దానితోపాటు కొద్దిగా అమ్మోనియా ద్రావణం.
2. చెవి పుల్ల దూదికి రెండూ చెరో చుక్క వెయ్యాలి. కిటికీలు తీసి ఉంచండి, అమ్మోనియా ఘాటు ఎక్కువ.
3. కాడ మీద అర నిమిషం రుద్దాలి.
4. దూది గులాబీ రంగుకి తిరిగితే నికెల్ బయటికి వస్తున్నట్టు.

స్టాకులో ఉన్న 40 జతల్లో 17 జతలకి గులాబీ రంగు వచ్చింది. కొత్తవే, ఒక్కసారి కూడా ఎవరూ పెట్టుకోనివి.

40 జతలూ బందరు తీసుకెళ్ళి, పాత కాడలు తీయించి 92.5 వెండి కాడలు అతికించాను. జతకి రూ. 35, మొత్తం 1,400. అతికేటప్పుడు వేడికి వెనకవైపు మెరుగు కొద్దిగా నల్లబడింది, ముందువైపు ఏమీ కాలేదు. తర్వాత మళ్ళీ పరీక్షిస్తే కాడల మీద ఒక్కటీ రంగు మారలేదు. ఇప్పుడు కమ్మలు ఆర్డరిచ్చేటప్పుడే వెండి కాడ అని రాయిస్తాను, చీటీ మీద కూడా రాస్తాను. ధర నలభై రూపాయలు పెరిగింది. ఎవరూ బేరమాడలేదు.

వెనక్కి తీసుకున్న ఆరు జతలకి రూ. 1,080 తిరిగిచ్చాను.

దశ 5: మొహమాటం, బాకీలు (జూలై)

ఈ డైరీలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

మొదటి మూడు పార్టీల్లో నోట్‌బుక్‌లో ఒక గడి అదనంగా పెట్టాను: కొన్నావిడ ఆ వస్తువుని అద్దంలో చూసుకుని కొన్నారా, చూసుకోకుండానా. అమ్మిన 58 వస్తువుల్లో 21 అద్దం దగ్గరికి వెళ్ళకుండా కొన్నవి. వాటిలో 13 అప్పు మీద. దాదాపు అన్నీ రూ. 200 లోపువి. అంటే ఆ అక్కయ్యలు నగ కొనలేదు, వదినగారి కాఫీ తాగి ఉత్త చేతులతో లేవలేక ఏదో ఒకటి తీసుకున్నారు. అలాంటి అమ్మకం డబ్బుగా మారదు. బాకీ అడిగితే వదినగారికి చెడ్డ, అడగకపోతే మనకి నష్టం, ఇంకోసారి ఆ ఇంట్లో పార్టీ అంటే ఎవరూ రారు. ఇల్లు ఇచ్చిన మనిషికి చుట్టుపక్కల ఉన్న మంచి పేరు మీదే ఈ వ్యాపారం నడుస్తుంది. అది తరిగితే ఎంత సరుకున్నా నడవదు.

మార్చినవి:

1. డబ్బు కట్టే చోటు హాల్లోంచి తీసేశాను. లోపలి గదిలోనో బాల్కనీలోనో చిన్న బల్ల, క్యూఆర్ కోడు, బిల్లు పుస్తకం. ఎవరు కొన్నారో ఎవరు కొనలేదో మిగతావాళ్ళకి తెలియదు.
2. ఇల్లు ఇచ్చినావిడ ట్రేల దగ్గర కూర్చోరు. "ఇది నీకు బాగుంటుంది" అని అనరు. ఇది ముందే చెప్పి ఒప్పించాలి.
3. కాఫీ, టిఫిను మొదటే. నగల పెట్టె ఆ తర్వాత తెరుస్తాను. వెళ్ళాలనుకునేవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోవచ్చు.
4. అప్పు లేదు. నచ్చి డబ్బు లేనివాళ్ళకి ఆ వస్తువు పేరు రాసి ఏడు రోజులు పక్కన పెడతాను. డబ్బు కట్టాక ఇస్తాను, కట్టకపోతే అడగను.

రెండోదానికి కానూరులో ఒక అక్కయ్య ఒప్పుకోలేదు. "అమ్ముకోవడానికి వచ్చి అడక్కపోతే ఎట్లా అమ్మాయ్, నాకూ పదిహేను శాతం రావాలిగా" అన్నారు. న్యాయమే. ఆవిడకి ఆ రోజు అమ్మకం ఎంతయినా కనీసం రూ. 400 విలువ చేసే నగ ఇస్తానని మాటిచ్చాను. అప్పుడు కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు.

ఆ పార్టీ ఆషాఢంలో, పైగా జూలై 23 కేంద్ర బడ్జెట్ వచ్చిన వారంలో పడింది. బంగారం మీద కస్టమ్స్ సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి దించారు, ధర వేలల్లో తగ్గింది. సాయంత్రమంతా మాటలు అసలు బంగారం గురించే, ఎవరు ఎన్ని కాసులు కొనబోతున్నారన్నదే. అమ్మకం రూ. 3,900. కొత్త బాకీ సున్నా. వెనక్కి వచ్చిన వస్తువు సున్నా. జూన్ పార్టీలతో పోలిస్తే ఆదాయం తక్కువే, కానీ నెలాఖరుకి నోట్‌బుక్ మూసి పడుకోగలిగాను.

సరుకు కొత్తగా రూ. 9,600కి తెచ్చాను: 2.6, 2.8 గాజులు, 18 అంగుళాల పొట్టి నల్లపూసలు. నల్లపూసల్లో 24, 30 అంగుళాలవి కదలడం లేదు, చుడీదార్ మీదకి వేసుకునే పొట్టివే అడుగుతున్నారు.

నడుస్తున్న లెక్క (తిరిగిచ్చినవి తీసేసి): అమ్మకం 21,070. బాకీ 3,650. చేతిలో 13,290. సరుకు 39,060.

దశ 6: శ్రావణం (ఆగస్టు)

ఆగస్టు 16 వరలక్ష్మీ వ్రతం. అడిగినవాళ్ళందరూ పేరంటం రోజే పెట్టమన్నారు, ఎలాగూ అందరూ వస్తారు కదా అని. వద్దన్నాను. బొట్టు పెట్టించుకుని వాయనం తీసుకోవడానికి వచ్చిన ముత్తైదువ ముందు ధర చీటీలు పెట్టడం నాకు సమ్మతం కాదు. నగలు చూపించిన చోట వాయనం కూడా అమ్మకంలో భాగమైపోతుంది. పేరంటాలకి ముందు శని ఆదివారాల్లో పెట్టాం. వ్రతానికి వేసుకోవడానికి కావాల్సినవి కొన్నారు: కాసులపేర్లు, గాజులు, అమ్మవారి కలశానికి పెట్టే చిన్న హారాలు. ఈ చివరివి నా జాబితాలోనే లేవు, అడిగారని ఒక్క రోజులో బందరు నుంచి తెప్పించాను.

అమ్మకం 27,600, మొత్తం చేతికే వచ్చింది. పక్కన పెట్టమన్న వస్తువుల్లో ఎక్కువ భాగం ఏడు రోజుల్లోపే డబ్బు కట్టి తీసుకెళ్ళారు. అద్దం గడి ఈ నెలా రాశాను, చూసుకోకుండా కొన్నవి చాలా తక్కువ, అవి కూడా కలశం హారాలే. సరుకు మళ్ళీ 12,000కి తెచ్చాను.

నడుస్తున్న లెక్క: అమ్మకం 48,670. బాకీ 2,200. చేతిలో 27,240. సరుకు 35,010.

దశ 7: బుడమేరు (సెప్టెంబరు)

ఆగస్టు ఆఖరి వారంలో అజిత్‌సింగ్‌నగర్‌లో ఒక చెల్లెమ్మ ఇంట్లో పార్టీ పెట్టి, రాలేకపోయిన వాళ్ళు చూస్తారని రూ. 8,300 సరుకు అక్కడే వదిలాను. కింది అంతస్తు. సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చాయి. వాళ్ళు పిల్లల్ని తీసుకుని పై అంతస్తుకి వెళ్ళారు. రోజుల తరబడి నీళ్ళు తియ్యలేదు, కరెంటు లేదు, మంచినీళ్ళ కోసం పడవల వైపు చూసుకుంటూ గడిపారు. ఆ రోజుల్లో నేను నగల మాట ఎత్తలేదు. నీళ్ళు తీశాక బీరువాలో బురదలోంచి పెట్టె తీసి ఆవిడే ఏడుస్తూ ఫోన్ చేశారు. ఆ సరుకు గురించి ఆవిడ నాకు ఒక్క రూపాయి బాకీ లేరని అప్పుడే చెప్పాను. ఆ వీధిలో నాకు రావాల్సిన పాత బాకీ రూ. 1,300 కూడా కొట్టేశాను.

ఏది బతికింది, ఏది పోయిందన్నది రాస్తున్నాను, నాణ్యత గురించి ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదు. జిప్ కవర్లు నీళ్ళని ఆపలేదు, నీరు లోపలే నిలిచి ఇంకా పాడుచేసింది. జిగురుతో అతికించిన రాళ్ళు రాలిపోయాయి. ఇత్తడి గాజులకి అతుకుల దగ్గర చిలుము పట్టింది. కాడలతో బిగించిన రాళ్ళ నెక్లెస్‌లు మాత్రం గోరువెచ్చని నీళ్ళల్లో కొద్దిగా సబ్బు వేసి మెత్తని బ్రష్‌తో కడిగి, ఫ్యాను కింద ఆరబెడితే వాడుకునేలా ఉన్నాయి. మిగిలింది రూ. 2,900 సరుకు, పోయింది 5,400.

అప్పట్నుంచి సరుకు ఎవరింట్లోనూ వదలను. ఈ నెల పార్టీలు లేవు.

నడుస్తున్న లెక్క: అమ్మకం 48,670. బాకీ 900. చేతిలో 27,240. సరుకు 29,610.

పని లేని ఆ రోజుల్లో మెడలో నడుస్తున్న పరీక్ష ఫలితం కూడా చూశాను. ముగ్గురు తయారీదార్ల చైన్లు మూడు, జూన్ నుంచి తీయకుండా వేసుకున్నాను, స్నానానికి కూడా. మొదటిది మూడు వారాలకే కొక్కెం దగ్గర రాగిరంగు తేలింది. రెండోది ఆగస్టులో మెడ వెనక నల్లబడింది. మూడోది సెప్టెంబరు ఆఖరుకి కూడా మెరుగు పోలేదు. మూడింటి ధరలో తేడా పాతిక రూపాయలు. మొదటి ఇద్దరి దగ్గర చైన్లు కొనడం మానేశాను. కొనేవాళ్ళకి చెప్పేది కూడా మారింది: రోజూ వేసుకుంటే ఎన్నాళ్ళు, పండగలకే అయితే ఎన్నాళ్ళు అని విడివిడిగా చెప్తాను. సెంటు కొట్టుకుని ఆరాకే వేసుకోమని చీటీ వెనక రాస్తాను.

దశ 8: దసరా నుంచి డిసెంబరు దాకా, అద్దె సెట్లు

పెళ్ళి సెట్లు నాలుగూ శ్రావణంలో కూడా అమ్ముడుపోలేదు. చూసిన ప్రతివాళ్ళూ మెచ్చుకున్నారు, రూ. 6,000 పెట్టి ఒక్క రోజు కోసం కొనడానికి మనసొప్పలేదు. కార్తీక, మార్గశిరాల్లో ముహూర్తాలు ఉన్నాయి కాబట్టి అద్దెకి తిప్పాను. ఒక ఫంక్షనుకి రూ. 900, అడ్వాన్సు 3,000, మూడు రోజుల్లో తిరిగివ్వాలి.

ఇచ్చేటప్పుడు చేసేవి:

1. తెల్ల గుడ్డ మీద పరిచి ముందు వెనకలు ఫొటో, వాళ్ళ ఎదురుగానే.
2. ఒక్కో వస్తువు 0.1 గ్రాము దాకా చూపించే త్రాసు మీద తూకం, బిల్లు మీద అంకె.
3. తిరిగొచ్చాక తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ తూకం.

ఆరబెట్టకుండా తూచితే లెక్క తప్పుతుంది. ఒక వడ్డాణం తిరిగొచ్చినప్పుడు 1.8 గ్రాములు ఎక్కువ తూగింది. విప్పి చూస్తే సందుల్లో తలంబ్రాల బియ్యం, పసుపు. కడిగాక 0.6 గ్రాములు తక్కువ వచ్చింది, వెతికితే రెండు రాళ్ళు లేవు. అద్దెకి తీసుకున్న వాళ్ళు కొంగు మడతల్లో వెతికి ఒక రాయి తెచ్చిచ్చారు. రెండో రాయి నేనే పెట్టించాను.

ఈ మూడు నెలల్లో అద్దె రూ. 9,900. సెట్లకి మధ్యలో మెరుగు పెట్టించడానికి 1,200. పార్టీల అమ్మకం 31,200. బంగారం 10 గ్రాములు 80 వేల దగ్గరికి వెళ్ళిన అక్టోబరులో మా ట్రేల ముందు రద్దీ పెరిగింది, దీపావళికి ముందు వారాంతమే అన్నిటికంటే పెద్దది. సరుకు 16,000కి తెచ్చాను. ఖర్చులు 3,900. పాత బాకీల్లో 500 వచ్చాయి.

మధ్యలో ఒక నగల స్కీమ్ వాళ్ళు కలిశారు. చేరడానికి రుసుము కట్టాలి, నా కింద ఇంకొందరిని చేర్పిస్తే వాటా ఇస్తారట. చేరడానికి డబ్బు కట్టమనే పద్ధతి 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలకి విరుద్ధం, పిరమిడ్ పథకాలని అవి నిషేధించాయి. ఎవరైనా అడిగితే ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నేను నగ అమ్ముతాను, మనుషుల్ని చేర్పించను.

డిసెంబరు 31 లెక్క:

- మొత్తం అమ్మకం 79,870, అద్దె 9,900
- చేతిలో 47,740
- సరుకు 27,710 (అందులో అద్దె సెట్లు 12,800)
- బాకీ 400
- మొత్తం 75,850. పెట్టింది 60,000. మిగిలింది 15,850.

మే నుంచి లెక్కేస్తే నెలకి రెండు వేలకి కాస్త తక్కువ. నా శ్రమకి ఇందులో కూలి వేసుకోలేదు. వరద నష్టం, కొట్టేసిన బాకీ లేకపోతే ఇంకో 6,700 ఉండేవి. నగ మీద సగానికి సగం మిగులుతుందని విని వచ్చేవాళ్ళు ఈ అంకె చూసి రండి. అద్దె లేకుండా చూస్తే లాభం ఆరు వేలకి కాస్త తక్కువే, కాబట్టి కొత్త ఏడాదిలో పెళ్ళి సెట్లు ఇంకో రెండు తీసుకుంటున్నాను, ఈసారి అద్దె కోసమే, కాడలతో బిగించిన రాళ్ళవే.

పుష్యంలో పెళ్ళిళ్ళు ఉండవు. పాత సెట్లు నాలుగూ ఆ నెలలో బందరులో మెరుగుకి ఇస్తున్నాను, మాఘం ముహూర్తాలకి రెండు ఇప్పటికే బుక్ అయ్యాయి. సంక్రాంతి ముందు వారాంతంలో పోరంకిలో పార్టీ ఉంది, 2.10 గాజులు కావాలని ఇద్దరు ముందే చెప్పారు.